నెమలినీళ్ళు

బైపాసు రోడ్డుకు దిగువన, లారీ షెడ్ల వెనక పల్లంలో ఒక కుంట ఉంది. ఈ కథ మొదలయ్యేనాటికి ఆ కుంటలో కప్ప అరవదు. వానాకాలంలో కుంట అంటే చెవులు చిల్లులు పడే గోల కదా మనకు గుర్తొచ్చేది, అక్కడ అదేమీ ఉండదు. దోమలు కూడా గట్టు దాకా వచ్చి వెనక్కి తిరుగుతాయి. గాలి గట్టిగా వీచినా నీళ్ళు అల లేవకుండా ఒక్కసారి ముడుచుకుని ఊరుకుంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గట్టు మీద ఒంటరిగా నిలబడితే మన ఊపిరి మనకే వినబడుతుంది. నాకైతే రెండోసారి నిలబడాలనిపించలేదు.

ఆ కుంటనే నమ్ముకుని కొన్ని జంతువులు బతుకుతున్నాయి. వాళ్ళలో పెద్దవాడు గాడిద మూటయ్య. ఇళ్ళలోకి వాషింగ్ మిషన్లు వచ్చాక, ఇక మొయ్యడానికి మూటలు లేవని యజమాని వదిలేసి వెళ్ళాడు. అప్పట్నుంచీ ఆచారాలు కాపాడటమే పనిగా పెట్టుకున్నాడు. మేక సూరమ్మకు నోరు ఆగదు. పొద్దున విన్నది సాయంత్రంలోగా పల్లమంతా చేరవేస్తుంది. గేదె కారెమ్మ మెత్తటి మనిషి. గేదెను పట్టుకుని మనిషి అంటావేమిటంటారా, కథ అయ్యాక అడగండి చెప్తాను.

ఇక నక్క గంగులు. వాడు నీళ్ళు చదువుతాడట. నీటి అంచున కూర్చుని, కళ్ళు సగం మూసి, "ఊఁ" అని తలాడించి, తర్వాత నోరు విప్పుతాడు. ఆ "ఊఁ"కి, మాటకి మధ్య ఎంతసేపు ఆగాలో వాడికి బాగా తెలుసు.

ఆ పల్లంలో పెద్ద పండగ తొలివాన రోజు. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే రోడ్డు మీది నీళ్ళన్నీ కల్వర్టు తూములోంచి దూకి కుంటలో పడతాయి. వెంటనే నీటి మీద ఆకుపచ్చ, ఊదా, బంగారు రంగులు తేలతాయి. వాన నెమలి ఆకాశం నుంచి దిగి స్నానం చేస్తే దాని రంగు కొంత నీళ్ళలో విడిచిపోయిందని వాళ్ళ నమ్మకం. అందుకే వాటిని నెమలినీళ్ళు అంటారు. రంగు ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడ తాగడమే భాగ్యం. ఇది తన తాతల నాటి ఆచారమని మూటయ్య చెప్తాడు. లారీ షెడ్లు వచ్చి పదిహేనేళ్ళే అయింది, మరి తాతల నాడు ఆ రంగులు ఎక్కడివని ఎవరూ అడగలేదు. ఆచారాన్ని నీ వయసెంత అని అడిగే అలవాటు మనకు మాత్రం ఉందా?

నెమలినీళ్ళు తాగిన రెండు మూడు రోజుల్లో ఒకళ్ళో ఇద్దరో గట్టు మీద పడిపోతారు. "వాన నెమలి ఎంచుకుంది," అంటాడు గంగులు. పడినవాళ్ళను సాగనంపే పని తనే చూసుకుంటానని, తొమ్మిది రోజుల పాటు ఆ చుట్టుపక్కలకు ఎవరూ రాకూడదని కట్టడి పెడతాడు. కార్తె దాటేసరికి గంగులు బాగా ఒళ్ళు చేస్తాడు. అదీ ఎవరూ అడగలేదు.

రెండేళ్ళ కిందట, తొలివాన మర్నాడు, కుంటలోని కప్పలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఒక్కటీ మిగల్లేదని అందరూ కళ్ళారా చూశారు. నిరుడు వేసవి చివర్లో, పైన వాలు మీది తుమ్మపొదల వెనక నుంచి, పొద్దు వాలే వేళ, కప్పల అరుపు మొదలైంది.

పల్లం మొత్తం మేత మానేసి చెవులు రిక్కించింది.

"చచ్చిపోయినోళ్ళ గొంతు అది," అన్నాడు గంగులు. "అర్ధాంతరంగా పోయారు కదా, తోడు కోసం పిలుస్తున్నారు. జాగ్రత్తగా వింటే ఆ అరుపులో ఒక పేరు ఉంటది. ఆ పేరుగలవాళ్ళు తొలివాన రోజు అందరికంటే ముందు నెమలినీళ్ళు తాగాలి. తాగకపోతే వాన వెనక్కి పోద్ది, పల్లం పల్లమంతా ఎండిపోద్ది."

"ఎవరి పేరు అయ్యా?" అని అడిగింది సూరమ్మ.

గంగులు కళ్ళు సగం మూశాడు. "ఊఁ" అన్నాడు. చాలాసేపు ఆగాడు. "చుక్క," అన్నాడు.

చుక్క కారెమ్మ దూడ. పుట్టి మూడు నెలలు. తొలివాన రోజు అది బెదిరి నీళ్ళ దగ్గర మొరాయిస్తే మూటయ్యే దాని మెడ మీద గడ్డం ఆనించి, మెల్లగా వంచి, తాగించాడు. మూడో రోజుకు చుక్క లేదు. కారెమ్మ తొమ్మిది రోజులు కట్టడికి అవతల నిలబడి అరిచింది. పదో రోజు వెళ్ళి చూస్తే ఎముకలు కూడా సరిగ్గా లేవు.

ఈ ఏడు కారెమ్మకు మళ్ళీ దూడ పుట్టింది. నుదుట తెల్ల మచ్చ ఉందని గవ్వ అని పిలుచుకుంది. రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, మళ్ళీ పొదల వెనక అరుపు మొదలైన సాయంత్రం, గంగులు నీటి అంచున కూర్చుని "ఊఁ" అన్నాడు.

"గవ్వ," అన్నాడు.

కారెమ్మ గవ్వకు అడ్డంగా వచ్చి నిలబడింది. "నా ఇంటి మీదే పగ పట్టారా వాళ్ళు? నన్ను పిలవమనండి. నేను తాగుతా, పీపాలకు పీపాలు తాగుతా!"

"పిలిచింది నేను కాదు కదమ్మా," అన్నాడు గంగులు, ఎంతో బాధపడుతున్నట్టు. "నీళ్ళు చెప్పింది చెప్పటమే నా పని."

"నెమలి నీ మీద దయ చూపిందనుకో కారెమ్మా," అన్నాడు మూటయ్య. ఆ ముసలాడి గొంతులో కపటం లేదు. అదే నాకు ఎక్కువ భయం వేసే సంగతి.

మర్నాడు మధ్యాహ్నం కారెమ్మ కునుకు తీసి లేచేసరికి పక్కన గవ్వ లేదు. మబ్బు పట్టి వెలుతురు బూడిద రంగులోకి తిరిగింది. ఆ మబ్బుకు, పొద్దు వాలకముందే, పొదల వెనక అరుపు మొదలైంది. గవ్వ గిట్టల గుర్తులు తిన్నగా ఆ వైపుకే పోతున్నాయి.

ఆ పొదల్లోకి పల్లంలో ఎవరూ పోరు. పంది బురదక్క ఒక్కతే అటు తిరుగుతుంది. బురదక్క దయ్యాలతో కాపురం చేస్తోందని సూరమ్మ ప్రచారం.  అయినా బిడ్డ అటు పోయింది కాబట్టి కారెమ్మ కూడా పోయింది. ముళ్ళు ఒళ్ళు గీరుతున్నాయి. తను అడుగు వేసిన ప్రతిసారీ అరుపు ఆగిపోతోంది, తను ఆగితే మొదలవుతోంది. ఎవరో తన అడుగులు లెక్కపెడుతున్నారనిపించి దాని వీపు జలదరించింది.

పొదలు దాటితే ఒక గుంట కనిపించింది. పెద్ద లోతు లేదు, వెడల్పుగా ఉంది. నిండా తుంగ, జమ్ము, నడుమంతా వట్టివేరు గుబుర్లు, అంచున రెండు కానుగ మొక్కలు, పొడి మట్టి ఉన్న చోట తంగేడు. గుంటకు దిగువన రాళ్ళ సందులో చిన్న ఊట. అంత ఎండాకాలం చివర్లోనూ కొద్దిపాటి నీళ్ళు, అడుగున గులకరాళ్ళు కనబడేంత తేటగా ఉన్నాయి. గవ్వ ఆ నీళ్ళలో మూతి పెట్టి తాగుతోంది. దాని ముందు రాయి మీద ఒక కప్ప కూర్చుని ఉంది.

"నా బిడ్డను వదిలిపెట్టు తండ్రీ," అంది కారెమ్మ. "చచ్చినోడివి, నీకు దణ్ణం పెడతా."

కప్ప పేరు గుడ్లప్ప. అది ఉన్న రెండు గుడ్లూ పెద్దవి చేసి చూసింది. "చచ్చినోడినా? ఎవరు చెప్పారు? మాకైతే ఎవరూ చెప్పలేదే!"

"కుంటలో అందరూ తేలితే చూశాగా."

"తేలినోళ్ళు తేలారు. మా అమ్మానాన్నా అందులోనే ఉన్నారు. అంతకు ముందు రోజు గట్టెక్కి ఇటొచ్చినోళ్ళం పద్నాలుగు మందిమి మిగిలాం. ఇప్పుడు గుడ్లు పెట్టి వందైనాం. మీరెవరన్నా వస్తారేమోనని ఏటా వానల ముందు రోజూ పిలుస్తున్నాం. ఒక్కరూ రారు. గంగులు తప్ప."

కారెమ్మ కిందికి చూసింది. ఊట చుట్టూ బురదలో నక్క అడుగులు. ఎండిపోయినవి, వాటి మీద కొత్తవి. ఇవాళ పొద్దుటివి ఇంకా తడిగానే ఉన్నాయి.

జమ్ము కదిలి, మట్టి కొట్టుకున్న మూతితో బురదక్క బయటికొచ్చింది. "చూశావా వదినా? మూడేళ్ళుగా ఆయన తాగేది ఇక్కడే. కుంట నీళ్ళు ఆయన నాలుక్కి తగలగా నేను చూడలేదు."

"ఈ నీళ్ళు ఎక్కడివి?"

"అయ్యే. కుంటకు పోయే రోడ్డు మీది వాన నీళ్ళే, ఒక పాయ ఇటు తిరిగింది. తుంగగడ్డల కోసం నేను తవ్వీ తవ్వీ ఈ గుంటైంది. మొక్కలు నేను తేలా, అయ్యే మొలిచాయి. ఏసవంతా షెడ్ల దగ్గర కారిన నూనె, బ్యాటరీ నీళ్ళు, టైర్ల పొడి, రోడ్డు మీద ఏముంటే అదంతా తొలివాన ఒక్కసారే కడిగి తెస్తది. నీ నెమలి రంగు అదేనమ్మా. ఈడ ఆ రంగు మొక్కల వేళ్ళ మజ్జన, బురద మీద ఆగిపోద్ది. నీళ్ళు రెండు రోజులుండి, కిందికి ఇంకి, ఇదిగో ఇట్టా ఊరతయ్. కుంటకి ఆ అడ్డం ఏదీ లేదు. తిన్నగా పడతయ్."

 కారెమ్మ ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. "పోయి అందరికీ చెప్తా."

"ఏం చెప్తావ్? దయ్యాలతో కాపురం చేసే పంది చెప్పిందనా? బిడ్డ మీద బెంగతో నీకు మతి పోయిందంటాడు. అందరూ ఆయన మాటే నమ్ముతారు," అంది బురదక్క. "నీ మాట కాదు, నా మాట కాదు. ఆయన నోటి నుంచే రావాల." అది గుడ్లప్ప వైపు తిరిగింది. "ఏమిరా, మీకు పేర్లు పలకటం వచ్చా?"

"నేర్పితే ఎందుకు రాదు?" అంది గుడ్లప్ప.

నాలుగో రోజు మూడు గంటల వేళ తొలివాన పడింది. ఆకాశం ఎంత నల్లబడిందంటే రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకుని పోయాయి. పల్లమంతా కుంట గట్టున చేరింది. ముందు తూములోంచి నల్లటి నురగ వచ్చింది. వెనకే నీళ్ళు ఉరికాయి. కుంట మీద రంగులు విచ్చుకున్నాయి, ఊదా ఆకుపచ్చలోకి జారింది, ఆకుపచ్చ బంగారంలోకి. చూడముచ్చటగా ఉందని నేనూ ఒప్పుకుంటాను. చినుకు పడ్డ చోటల్లా ఆ రంగు ఒక కన్ను తెరిచి మూసినట్టు కదిలింది.

"గవ్వను తీసుకురండి," అన్నాడు గంగులు రాయి మీద నిలబడి.

కారెమ్మ గవ్వను తీసుకుని అంచు దాకా వచ్చింది. మూటయ్య దూడ మెడ మీద గడ్డం ఆనించడానికి తల వంచాడు.

అప్పుడు పైన పొదల్లోంచి ఒక గొంతు లేచింది.

"గంగులూ..."

మూటయ్య తల అక్కడే ఆగిపోయింది.

"గంగులూ... గంగులూ..." పది గొంతులు. తర్వాత వాలు మొత్తం. అరుపు పొదల్లో ఆగలేదు. కిందికి దిగుతోంది. గడ్డి కదులుతోంది కానీ ఎవరూ కనబడటం లేదు. కల్వర్టు పక్కన, తర్వాత గట్టుకు ఆ చివర, తర్వాత వాళ్ళ కాళ్ళకు అడుగు దూరంలో, వాన చప్పుడును మించి, బొంగురుగా, ఒకే పేరు. సంగతంతా తెలిసిన కారెమ్మకు కూడా ఒళ్ళు గగుర్పొడిచింది. సూరమ్మ కళ్ళు మూసుకుని నిలబడ్డ చోటే కూలబడింది.

"గంగులూ," అన్నాడు మూటయ్య తల ఎత్తి. "చచ్చిపోయినోళ్ళు నీ పేరు పిలుస్తున్నారు."

"ఇంకో గంగులు ఎవరన్నా ఉన్నాడేమో."

"ఈ పల్లంలో నువ్వొక్కడివేగా," అంది సూరమ్మ కళ్ళు తెరవకుండానే.

"నియమం నువ్వు పెట్టిందే," అన్నాడు మూటయ్య. "అందరికంటే ముందు తాగాలి. లేకపోతే వాన వెనక్కి పోద్ది. తాగు."

గంగులు రాయి దిగాడు. అవి చచ్చిన కప్పలైతే తను తాగి తీరాలి. బతికున్న కప్పలంటే, ఆ సంగతి నీకెలా తెలుసంటారు. రెండు వైపులా దారి మూసుకుపోయింది. వాడు నీటి మీదికి వంగాడు. రంగుల్లో తన మొహం కనబడింది. ఒక బుగ్గ ఆకుపచ్చగా, ఒక కన్ను ఊదాగా, తొమ్మిది రోజుల కట్టడి దాటాక మిగిలే మొహంలాగా ఉంది. మూడేళ్ళుగా వాడికి అలాంటి మొహాలు బాగా పరిచయం. నాలుక బయటికొచ్చింది. నీటికి వేలెడు ఎత్తులో వణికింది. వెనక్కి పోయింది.

"అవి చచ్చినవి కావు!" అని అరిచాడు. "బతికున్న కప్పలే! రోజూ చూస్తున్నా!"

"ఎక్కడ చూస్తున్నావ్?" అడిగింది కారెమ్మ.

"పైన... ఊట దగ్గర."

"ఊట దగ్గర నీకేం పని?"

"నీళ్ళు తాగటానికి పోతా."

"ఇంత కుంట ఇక్కడుండగా అంత దూరం ఎందుకు?"

"ఈ నీళ్ళు తాగితే చస్తారు కాబట్టి!"

మాట నోరు జారాక గాని వాడికి తెలియలేదు. కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి.  కారెమ్మ గవ్వను తన వెనక్కి నెట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ గంగులు దగ్గరికి వచ్చింది. అరవలేదు. కొమ్ము కూడా వంచలేదు.

"నిరుడు నా చుక్క తాగేటప్పుడు ఈ మాట ఎందుకు రాలేదు నీ నోట?"

గంగులు నోరు తెరిచాడు. ఆ "ఊఁ" కూడా రాలేదు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, వానలో రోడ్డు ఎక్కి, లారీ లైట్ల ముందు నుంచి పరుగెత్తి అవతలికి పోయాడు. ఎవరూ వెంటబడలేదు, ఎందుకంటే అందరూ మూటయ్య వైపు చూస్తున్నారు. ముసలి గాడిద నీళ్ళ అంచున మోకాళ్ళ మీద పడిపోయి ఉంది.

"నేనేగా తల్లీ వంచింది," అంటున్నాడు. "మొరాయిస్తుంటే ఈ గడ్డంతో మెడ వంచింది నేనేగా."

కారెమ్మ ఆయన్ని ఓదార్చలేదు. ఓదార్చిందని రాస్తే మీకూ నాకూ బాగుండేది, కానీ అది జరగలేదు. వాన తగ్గాక ఒక్క మాట మాత్రం అంది. "లే మూటయ్యా. మోసే పనుంది."

ఆ వానాకాలమంతా పని సాగింది. తూము నుంచి కుంట దాకా, నీళ్ళు దిగే దారి పొడవునా బురదక్క మూతితో గుంటలు తవ్వింది. కారెమ్మ పొర్లి పొర్లి వాటిని వెడల్పు చేసింది. మూటయ్య వీపు మీద మళ్ళీ మూటలెక్కాయి. ఈసారి మట్టిబెడ్డలతో సహా తుంగ, వట్టివేరు పిలకలు. సూరమ్మ రోడ్డు మధ్య డివైడరు మీది ఎర్ర గన్నేరు తెద్దామంది, పూలు బాగుంటాయని.

"నువ్వు కొరికితే నువ్వే పోతావ్," అంది బురదక్క. "ఆటికి రోజూ ట్యాంకరు నీళ్ళు పొయ్యాలి. మనకి ఎవరు పోస్తారు? ఈ నేల్లో పుట్టినయ్యే పెట్టుకుందాం, ఎండకీ వానకీ అయ్యే నిలబడతయ్. నువ్వు చిగుళ్ళు కొరక్కుండా ఉంటే చాలు."

అన్ని పనుల్లోకీ కష్టమైన పని సూరమ్మదే, కొరక్కుండా ఉండటం. రెండుసార్లు దొరికిపోయింది. మూడోసారి నుంచి కాపలా తనే కాసింది.

మరుసటి మృగశిరకు తొలివాన పడ్డప్పుడు అందరూ గుంటల పక్కన నిలబడ్డారు. నల్లటి నురగ వచ్చి వట్టివేరు దుబ్బుల్లో చిక్కుకుంది. నెమలి రంగులు మొదటి గుంటలోనే ఆగి, రెండు రోజుల్లో బురద మీద మురికి పొరై మిగిలాయి. ఆ రెండు రోజులూ ఎవరూ కుంటలో మూతి పెట్టలేదు. మూటయ్య కొత్త ఆచారం పెట్టాడు. తొలివాన రోజు గుంట అంచున తల వంచి, "ముందు నువ్వు తాగు," అని నేలతో చెప్పి వెనక్కి తిరగాలి. కుంట తేరుకోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఒక సాయంత్రం కుంటలోనే ఒక కప్ప అరిచింది. కారెమ్మ ఆ రాత్రి మేత ముట్టలేదు. చుక్కను తల్చుకుని ఏడ్చింది. పక్కన గవ్వ, దున్నపోతై, తల్లి కొమ్ములు నాకింది.

కప్పలకు ఒక్కటే చెడ్డ అలవాటైంది. ఆ రోజు నేర్చుకున్న పేరు మరిచిపోలేదు, పిల్లలకూ నేర్పాయి. గుంటలు పెరిగిన కొద్దీ కప్పలూ పెరిగాయి, రోడ్డు అవతలి కాలవల్లోకీ పాకాయి. ఇప్పటికీ బక్కచిక్కిన ఒక ముసలి నక్క దాహంతో ఏ నీటి దగ్గరికి వెళ్ళినా, తుంగలోంచి ఎవరో కనబడకుండా దాన్ని పేరు పెట్టి పిలుస్తారు. అది తాగకుండానే వెనక్కి తిరుగుతుంది.

తొలివాన నీళ్ళు ముందు నేల తాగాలి, ఆ తర్వాతే మనం.